పుంజులు పోట్లాడితే

తెల్లవారింది. కోడలు వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. అత్త పొయ్యి రాజేస్తోంది. ఉన్నట్టుండి పెరట్లో రెక్కల చప్పుడు. పెట్టలన్నీ అరుస్తూ గోడ మీదికీ, గడ్డివామి మీదికీ ఎగిరాయి.

"అమ్మాయ్! పుంజులు కొట్టుకుంటున్నాయి. తొందరగా రా!" అని అత్త కేకేసింది.

కోడలు చెంబు అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆ ఇంట్లో తొమ్మిది పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. ఒక పుంజు ఎర్రది. దాన్ని డేగ అంటారు. వయసు మూడేళ్ళు. రెండోది నల్లది. దాన్ని కాకి అంటారు. కిందటి ఉగాది తర్వాత ఆ ఇంట్లోనే గుడ్డులోంచి దిగింది. ఇప్పుడు రెండున్నర కిలోలు తూగుతుంది.

కాకిని అమ్మడానికి బేరం కుదిరింది. పన్నెండు వందలు. ఆ డబ్బుతో పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుకి కంతు కట్టాలి. కోళ్ళ డబ్బు ఆ ఇంట్లో ఆడవాళ్ళ డబ్బు. మగవాళ్ళని అడగక్కర్లేదు. అందుకే కోడలు ఆ పుంజును కంటికి రెప్పలా చూసుకుంటోంది. సంతకి పోయే రోజు అది ఎటో పోతే ఎలా అని, పొద్దున్నే గూడు తలుపు తీసి, కాకి కాలికి తాడు వేసి జామచెట్టుకి కట్టేసింది. నాలుగు గింజలు చల్లి వాకిట్లోకి వెళ్ళింది.

గింజల కోసం డేగ వచ్చింది. కాకి మెడ ఈకలు లేపింది. డేగ కూడా లేపింది. రెండూ తలలు కిందికి దించి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒక్కసారి ఎగిరి కాళ్ళతో తన్నుకున్నాయి. కాకికి దెబ్బ తగిలింది. పారిపోబోయింది. తాడు లాగేసింది. వెల్లకిలా పడింది. డేగ దాని మీద ఎక్కి, జుట్టు పట్టుకుని పొడుస్తూనే ఉంది.

కోడలు రెండు చేతులూ మధ్యలో పెట్టబోయింది.

"చేతులు పెట్టకే! ముల్లు దిగిపోద్ది!" అని అత్త అరిచింది. మూలనున్న గోనెపట్టా తెచ్చి డేగ మీద వేసింది. కళ్ళకి చీకటి కమ్మేసరికి డేగ ఆగిపోయింది. కోడలు పట్టాతో సహా దాన్ని పట్టుకుని కోళ్ళగంప కింద పెట్టింది.

అత్త చేసింది మంచి పని. పోట్లాడే పుంజుల మధ్య చేతులు పెట్టకూడదు. పుంజు కాలి వెనక ముల్లు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది పొడుగవుతుంది, మొన తేలుతుంది. పోట్లాటలో ఉన్న పుంజు ఎవరి చెయ్యో చూడదు. చిన్నపిల్లలైతే ఇంకా ప్రమాదం. వాళ్ళ ముఖం పుంజు ఎగిరేంత ఎత్తులోనే ఉంటుంది. కన్ను పోవచ్చు. గోనెపట్టా గానీ, పాత దుప్పటి గానీ, ఖాళీ గంప గానీ వాడాలి. బకెట్టు నీళ్ళు పోసినా విడిపోతాయి. రాళ్ళు రువ్వకూడదు, కర్రతో కొట్టకూడదు. ఆ దెబ్బకే కాలు విరుగుతుంది.

ముల్లు మనిషికి దిగితే సబ్బుతో బాగా కడుక్కోవాలి. ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి. "కోడి గీరిందిలే" అని ఊరుకోకూడదు.

కోపం కాదు, పెత్తనం

కాకి, డేగ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఒకే గూట్లో పడుకున్నాయి. ఎనిమిది నెలలు లేని గొడవ ఇప్పుడెందుకు వచ్చింది?

కోళ్ళలో పెద్దాచిన్నా ఉంటుంది. ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకి తప్పుకోవాలి అన్నది వాటికి తెలుసు. పెట్టల్లో కూడా ఈ వరస ఉంటుంది. చూస్తే తెలుస్తుంది. ఒక పెట్ట దగ్గరికి రాగానే మిగతావి గింజలు వదిలి జరుగుతాయి. పుంజుల్లో ఇది మరీ గట్టిగా ఉంటుంది. పుంజుపిల్ల నాలుగైదు నెలలకి కూత మొదలుపెడుతుంది. పెట్టల వెంట పడుతుంది. అప్పటినుంచి పెద్దపుంజుకి అది పిల్ల కాదు, పోటీ.

ఇంట్లో పెరిగిన పిల్ల చాలాకాలం పెద్దపుంజుకి లొంగి ఉంటుంది. పెద్దది రాగానే పక్కకి పోతుంది. అందుకే ఎనిమిది నెలలు గొడవ లేదు. మామూలుగా కొట్టుకున్నా రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. ఓడింది వెనక్కి తిరిగి పారిపోతుంది. గెలిచింది నాలుగడుగులు తరిమి, కూత పెట్టి ఊరుకుంటుంది. ఇలాంటి పోట్లాటలో మనం కలగజేసుకోనక్కర్లేదు. మధ్యలో విడదీస్తే ఎవరు పెద్దో తేలదు. మర్నాడు మళ్ళీ మొదలెడతాయి.

కానీ ఓడినదానికి పారిపోయే దారి ఉండాలి. దారి లేకపోతే గెలిచినది ఆగదు. మూల గదిలో, ఇరుకు గూట్లో, ముళ్ళకంప దడి పక్కన ఇదే జరుగుతుంది. తాడు కట్టిన పుంజుకీ ఇదే జరుగుతుంది. కాకి ఓడిపోయింది, ఓటమి ఒప్పుకుంది కూడా. పోదామంటే తాడు పోనివ్వలేదు.

కోడలు తాడు విప్పుతూ ఆ సంగతి గ్రహించింది. "నేనే కట్టేశానత్తా" అంది. అత్త ఏమీ అనలేదు. వేడినీళ్ళు తేవడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

అమ్మబోయే పుంజును పట్టి ఉంచాలంటే గంప కింద పెట్టాలి. పైన రాయి పెట్టాలి. తాడే కట్టాల్సి వస్తే, మిగతా పుంజు గంప కింద ఉండాలి.

రక్తం ఆపడం

కాకి జుట్టు సగం చీలింది. ముఖమంతా రక్తం. ఒక కన్ను మూసుకుపోయింది. రొమ్ము పక్కన ఈకలు తడిసి ఉన్నాయి.

"పసుపూ సున్నం కలిపి పెట్టు. లేకపోతే కాస్త కారం అద్దు, రక్తం కడుద్ది" అంది అత్త.

పసుపు వరకు బాగానే ఉంది. సున్నం వద్దు. సున్నం మాంసాన్ని కాలుస్తుంది. కారం మంట పుట్టిస్తుంది. ఆ బాధకి కోడి తలను నేలకేసి రుద్దుతుంది, గాయం ఇంకా చిరుగుతుంది. పేడ, పొయ్యిలో బూడిద, కిరసనాయిలు కూడా గాయం మీద వేయకూడదు. పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. కిరసనాయిలు తోలును కాలుస్తుంది. పైగా కోడి ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది. రాసినదంతా దాని కడుపులోకి పోతుంది.

కోడి జుట్టులో సన్నని రక్తనాళాలు చాలా ఉంటాయి. చిన్న చీలికకే ముఖమంతా రక్తం అవుతుంది. చూడటానికి భయం వేస్తుంది గానీ జుట్టు దెబ్బతో కోడి చావడం తక్కువ. ఉతికిన నూలు గుడ్డ మడిచి, గాయం మీద ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. మధ్యమధ్యలో తీసి చూడకూడదు. తీస్తే కట్టిన రక్తం ఊడి వస్తుంది. ఐదు నిమిషాల తర్వాత శుభ్రమైన పసుపు గానీ, మొక్కజొన్న పిండి గానీ అద్దితే నిలబడుతుంది.

కోడలు అలాగే చేసింది. అత్త పుంజును ఒళ్ళో పెట్టుకుంది. రెండు రెక్కలూ ఒంటికి ఆనించి పట్టుకుంది. కళ్ళ మీద పైటచెంగు కప్పింది. చూపు కనబడకపోతే కోడి గింజుకోదు.

రక్తం ఆగాక గాయం కడగాలి. లీటరు నీళ్ళు మరగబెట్టి, ఒకటిన్నర చెంచా ఉప్పు వేసి, చల్లార్చాలి. ఆ నీళ్ళలో ముంచిన గుడ్డతో మట్టి, ఈకముక్కలు తీసెయ్యాలి. గాయం చుట్టూ ఉన్న ఈకల్ని కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. పీకకూడదు. పీకితే మళ్ళీ రక్తం వస్తుంది. కంటిని కూడా ఈ నీళ్ళతోనే, చుక్క చుక్కగా వేసి కడగాలి. కంట్లో పసుపు వేయకూడదు, ఆకు పసరు పిండకూడదు. కన్ను వాచి మూసుకున్నంత మాత్రాన పోయినట్టు కాదు. రెండు మూడు రోజుల్లో వాపు దిగాక తెలుస్తుంది.

అప్పుడు ఒళ్ళంతా తడిమి చూడాలి. ఈకల కింద గాయాలు కనబడవు. రొమ్ము, రెక్కల కింద, తొడలు, మెడ అన్నీ వేళ్ళతో చూడాలి. కాకి రొమ్ము పక్కన చిన్న చిల్లు కనిపించింది. బియ్యపు గింజంత. రక్తం కూడా పెద్దగా లేదు. "ఇదేముందిలే" అనుకుని కోడలు కాస్త పసుపు అద్ది వదిలేసింది. తర్వాత ఇబ్బంది పెట్టింది జుట్టు కాదు, ఈ చిల్లే.

దెబ్బ తిన్న కోడి దేనివల్ల చస్తుంది?

చాలాసార్లు మొదటి దెబ్బ వల్ల కాదు. తర్వాత మన ఏమరుపాటు వల్ల.

కోళ్ళకి ఎరుపు కనబడితే పొడుస్తాయి. అది జాలి లేక కాదు, వాటి స్వభావం. రక్తం కారే కోడిని మందలో వదిలితే, అంతవరకు దాని వెనకే తిరిగిన పెట్టలు కూడా ఒక్కో పోటు పొడుస్తాయి. సాయంత్రానికి చిన్న గాయం గుంటలా అవుతుంది. అందుకే దెబ్బ తిన్న కోడిని వెంటనే విడిగా పెట్టాలి.

ఇంకొకటి ఈగలు. పచ్చి గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే పురుగులు పుడతాయి. ఎండాకాలంలో, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. గంప మీద పల్చని పాత చీర కప్పితే ఈగలు దూరవు, గాలి ఆడుతుంది. గాయం చుట్టూ, గాయం లోపల కాకుండా, వేపనూనె రాస్తే ఆ వాసనకి ఈగలు వాలవు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాయం చూడాలి. పురుగులు కనబడితే పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, ఉప్పునీళ్ళతో కడిగి, ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించాలి.

మూడోది దాహం. బెదిరిన కోడి మూలన ముడుచుకుని కూర్చుంటుంది. నీళ్ళ దగ్గరికి రాదు. మనం మేత పెట్టాంలే అనుకుంటాం. అది ముట్టనే ముట్టదు. లీటరు నీళ్ళలో చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి, చిన్న మూకుడులో ముక్కు ముందే పెట్టాలి. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేయాలి. అది మింగాక ఇంకో చుక్క. నోరు తెరిచి నీళ్ళు పొయ్యకూడదు. కోడి నాలుక వెనకే గాలిగొట్టం ఉంటుంది. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బతికే కోడి మన చేతిలోనే చచ్చిపోతుంది.

కాకిని వంటింటి పక్క వసారాలో గంప కింద పెట్టారు. కింద ఎండు వరిగడ్డి వేశారు. నూకల జావ, నానబెట్టిన తవుడు పెట్టారు. మొదటి రోజు ముట్టలేదు. బెల్లం నీళ్ళు మాత్రం తాగింది. రెండో రోజు జావ తిన్నది. మూడో రోజు గంపలోంచి కూత పెట్టింది. పెరట్లోంచి డేగ జవాబిచ్చింది.

"ఇంకా పొగరు దిగలేదు" అని అత్త నవ్వింది.

మధ్యలో బేరగాడు వచ్చాడు. పుంజును చూసి పెదవి విరిచాడు. "ఆరొందలిస్తా, ఇప్పుడే ఇయ్యి. రేపటికి ఉంటదో పోతదో" అన్నాడు. కోడలు ఆలోచించింది. కంతు కట్టే రోజు దగ్గర పడింది. చచ్చిపోతే ఆరొందలూ రావు. కానీ పుంజు తింటోంది, కూస్తోంది. రెట్ట మామూలుగానే ఉంది. "ఇవ్వను" అంది.

ఐదో రోజున రొమ్ము పక్కన నిమ్మకాయంత గడ్డ తేలింది. తాకితే వేడిగా ఉంది. కాకి మళ్ళీ తినడం మానేసింది.

ముల్లు దిగిన గాయం ఇలాగే ఉంటుంది. పైన చిల్లు చిన్నది, లోపల దారి లోతు. పైన తొందరగా మూసుకుపోతుంది. మురికి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. కోడి చీము మనిషి చీములా కారదు. జున్నుముక్కలా పచ్చగా, గట్టిగా ఉంటుంది. అందుకే దానంతట అది బయటికి రాదు. పిసికినా రాదు. పిసికితే చుట్టుపక్కల మాంసంలోకి పాకుతుంది. కోసి తీయాలి. అది డాక్టరు పని.

అత్తాకోడళ్ళు పుంజును గంపలో పెట్టుకుని మండలంలోని పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. "కోడికి కూడా డాక్టరేనా?" అని దారిలో ఎవరో నవ్వారు. ఆవుకి ఆసుపత్రి ఉన్నట్టే కోడికీ అదే ఆసుపత్రి. డాక్టరు గడ్డ కోసి, చీముముక్క తీసి, కడిగి, మందు పెట్టారు. మూడు రోజులు సూదిమందు వేయించమన్నారు. ఇంకో మాట గట్టిగా చెప్పారు. మందు పూర్తయ్యాక రెండు వారాల దాకా ఈ పుంజును కోసుకోకూడదు, కోతకి అమ్మకూడదు. మందు మాంసంలో ఉంటుంది. అది తిన్నవాళ్ళ ఒంట్లోకి పోతుంది. పెట్టకి మందు వేస్తే గుడ్డుకి కూడా ఇదే లెక్క. ఎన్ని రోజులన్నది మందును బట్టి మారుతుంది. అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు కోడికి వేయకూడదు. ఏది ఎంత వేయాలో తెలియదు. కొన్ని మాత్రలు కోడిని చంపుతాయి.

ఈ కింది గుర్తులు కనబడితే ఇంటి వైద్యంతో కాలం గడపకూడదు. మెడ కింద గింజలు నిలవ ఉండే సంచి చిరిగి, తిన్నది బయటికి రావడం. తోలు కింద గాలి చేరి బుడగలా ఉబ్బడం. రెక్క వేలాడటం, కాలు నేల మీద పెట్టకపోవడం. గాయం కంపు కొట్టడం.

జుట్టు మీద పొక్కులన్నీ పోట్లాట దెబ్బలే కావు. కోళ్ళకి బొబ్బరోగం వస్తుంది. అమ్మవారు అంటారు. జుట్టు మీద, కళ్ళ చుట్టూ పులిపిరుల్లా లేచి నల్లగా చెక్కు కడతాయి. పోటు గాయం ఒక కోడికే ఉంటుంది. బొబ్బరోగం ఒకదాని తర్వాత ఒకటిగా కోళ్ళన్నిటికీ వస్తుంది. దోమలు దీన్ని మోసుకొస్తాయి. పోట్లాట గాయాల్లోంచి కూడా ఎక్కుతుంది. దీనికి ముందే వేయించాల్సిన టీకా ఉంది. కొక్కెర తెగులు టీకాతో పాటు దీన్ని కూడా ఆసుపత్రిలో అడగాలి.

డేగ కోసం వచ్చిన మనిషి

అప్పుడు సంక్రాంతి వారం రోజుల్లో ఉంది. గోదావరి పక్క ఊళ్ళలో పెద్దపండగంటే కోడిపందాలు. కాకిని డేగ పడగొట్టిందన్న మాట ఊళ్ళో పాకింది. ఒక సాయంత్రం కొడుకు స్నేహితుడు వచ్చాడు. "డేగని పందేనికి ఇవ్వండి. నాలుగు వేలిస్తా" అన్నాడు.

కొడుకు అత్త ముఖం చూశాడు. నాలుగు వేలంటే చిన్న మాట కాదు. కంతు తీరుతుంది, ఇంకా మిగులుతుంది.

"ఒరే అబ్బాయ్, మీ నాన్న ఒక సంక్రాంతికి పుంజుతో పాటు పాడిగేదెని కూడా పోగొట్టి వచ్చాడు. నువ్వప్పుడు చంటిపిల్లాడివి" అంది అత్త. అంతకంటే ఏమీ అనలేదు.

పందెం పుంజులకి పేరుపడ్డ జాతి అసీల్. అసీల్ అంటే అసలైనది, మేలు జాతిది అని అర్థం. మన రాష్ట్రంలో కూడా పెరిగే జాతి. పుంజు నాలుగైదు కిలోల దాకా తూగుతుంది. వారాల పిల్లలప్పుడే ఇవి కలియబడతాయి. ఎదిగిన రెండు అసీల్ పుంజుల్ని ఒకే పెరట్లో వదలనే కూడదు. ఇంటి నాటుకోళ్ళలో ఈ రక్తం కలిసి ఉంటే పోట్లాటలు ఎక్కువ ఉంటాయి. కుక్కుట శాస్త్రం అని ఒక పుస్తకం చేతుల్లో తిరుగుతుంటుంది. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతువ అని రంగుల్ని బట్టి ఏ రోజు ఏ పుంజు గెలుస్తుందో అందులో రాసి ఉంటుంది. అది చదివి పొలం అమ్ముకున్నవాళ్ళున్నారు.

పెరటి పోట్లాట వేరు, పందెం వేరు. పెరట్లో ఓడిన పుంజు పారిపోతుంది. పందెంలో కాలికి కత్తి కడతారు. నిమిషాల్లో ఒకటి చస్తుంది, ఒక్కోసారి రెండూ చస్తాయి. ఆ కత్తి తగిలి మనుషులు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం నేరం. పందెం కాయడం 1974 నాటి జూద చట్టం కింద నేరం. 2016 డిసెంబరులో హైదరాబాదులోని హైకోర్టు కూడా కోడిపందాల్ని ఆపాలని ఆదేశించింది. అయినా ఆడుతూనే ఉన్నారు. పోయిన డబ్బు ఎవరిదో ఆ ఇంటి ఆడవాళ్ళకి తెలుసు.

ఇంకో సంగతి. పందెం బరిలోకి ఎక్కడెక్కడి పుంజులో వస్తాయి. బతికి తిరిగొచ్చిన పుంజు రోగాన్ని కూడా తీసుకురావచ్చు. కొక్కెర తెగులు వస్తే గూడు గూడంతా ఖాళీ అవుతుంది. సంతలో కొన్న కోడిని కూడా రెండు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

"ఉన్నది తొమ్మిది పెట్టలు. వాటికి ఈ ఒక్క పుంజే. ఇది పోతే గుడ్లు పొదగేసేదెలా?" అని కోడలు అంది. కొడుకు స్నేహితుణ్ణి పంపేశాడు.

ఎన్ని పుంజులు ఉంచాలి?

ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు చాలు. అంతకంటే ఎక్కువుంటే పుంజులు కొట్టుకుంటాయి, పెట్టలకీ బాధే. మాటిమాటికీ ఎక్కడం వల్ల వీపు మీద ఈకలు ఊడిపోతాయి, తోలు చిరుగుతుంది. పెట్ట వీపు బోసిగా ఉంటే పుంజులు ఎక్కువయ్యాయని గుర్తు.

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. పుంజు లేకపోయినా పెడుతుంది. ఆ గుడ్లు తినడానికి పనికొస్తాయి, పొదగడానికి పనికిరావు. పుంజును అమ్మేశాక కూడా వారం రోజుల దాకా పెట్టిన గుడ్లలో పిల్లలు దిగుతాయి. కాబట్టి ఎక్కువ పుంజుల్ని అమ్మడానికి వెనకాడనక్కర్లేదు. కూత మొదలయ్యాక, బరువు రాగానే అమ్మాలి. గొడవ మొదలయ్యాక అమ్మితే బేరగాడు చెప్పిందే ధర.

రెండు పుంజులు ఉంచక తప్పని ఇళ్ళుంటాయి. వాళ్ళు గింజల్ని ఒకేచోట కుప్పగా పోయకూడదు. పెరడంతా చల్లాలి. నీళ్ళ మూకుళ్ళు రెండు పెట్టాలి, దూరంగా. పాత నిచ్చెనో, కట్టెలమోపో అడ్డంగా ఉంటే ఓడిన పుంజు దాని వెనక్కి పోతుంది. పది కోళ్ళకి గూడు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. పొద్దున్నే తలుపు తీయడం ఆలస్యం చేయకూడదు. గొడవలు ఎక్కువ ఆ వేళలోనే. ముల్లు మరీ మొన తేలితే చివర మాత్రం గరుకు రాయితో రుద్ది మొద్దు చేయవచ్చు. మొదలంటా కోయకూడదు. లోపల రక్తం ఉంటుంది.

బాగైన కోడిని మందలో కలపడం కూడా తొందరపడే పని కాదు. రెండు వారాలు కనబడకపోతే మిగతావి దాన్ని కొత్తదానిలా చూస్తాయి. మళ్ళీ పెద్దాచిన్నా తేలాలి. అందుకే గాయం ఎండాక గంపను పెరట్లోనే, మిగతా కోళ్ళకి కనబడేలా పెట్టాలి. నాలుగైదు రోజుల తర్వాత, చీకటి పడ్డాక గూట్లోకి వదలాలి. మర్నాడు పొద్దున ఇంట్లో ఒకరు పెరట్లోనే ఉండాలి.

కాకిని మాత్రం మళ్ళీ మందలో కలపలేదు. కలిపితే డేగ ఊరుకోదు. గంప కిందే మేపారు. కంతు రోజు వచ్చింది. కోడలు సంఘంలో జరిగింది చెప్పింది. రెండు పడ్డ పెట్టల్ని అమ్మి సగం కట్టింది. మిగతా సగం పండగ తర్వాత కడతానని పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. ఆ పడ్డల్లో ఒకటి రేపోమాపో గుడ్డు పెట్టేదే. అది అమ్మినందుకు కోడలికి చాలా రోజులు మనసు పీకింది.

డాక్టరు చెప్పిన రెండు వారాలు దాటాయి. సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం కాకిని సంతకి తీసుకెళ్ళింది. జుట్టు ఒకపక్క వంకరగా అతుక్కుంది. కన్ను తెరుచుకుంది గానీ కాస్త మసక. బేరగాడు అదే ఎత్తి చూపాడు. కోడలు పుంజును తక్కెడలో పెట్టించింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. వెయ్యిన్నీ వందకి ఇచ్చింది.

తర్వాతి వారం ఒక నల్ల పెట్ట పొదుగుకి వచ్చింది. అత్త పాత బుట్టలో గడ్డి పరిచింది. కోడలు పన్నెండు గుడ్లు ఏరి పెట్ట కింద పెట్టింది. బొగ్గుముక్క తీసుకుని గోడ మీద "జనవరి 28" అని రాసింది. వేళ్ళ మీద ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టింది. దాని పక్కన "ఫిబ్రవరి 18" అని రాసింది.

"పిల్లలు దిగితే వాటిలో పుంజులెన్నో?" అంది అత్త.

"ఎన్నైనా సరే, కూత పెట్టిన నెలకే సంతకి" అంది కోడలు. జామచెట్టుకి ఇంకా వేలాడుతున్న తాడును విప్పి, చుట్టచుట్టి చూరులో దోపింది.